పగులు

రాత్రయినా తన తమ్ముడు ఇంటికి రాలేదని భార్య పంపితే, ఫోర్‌మన్ వర్క్‌షాపు షట్టరు కింద నుంచి లోపలికి దూరాడు. స్విచ్చి నొక్కితే లైటు వెలగలేదు. తడిమి చూస్తే హోల్డరులో బల్బే లేదు.

"బల్బులన్నీ నేనే తీశా బావా. నాకెందుకవి," అన్నాడు బావమరిది చీకట్లోంచి.

వెల్డింగ్ మాస్కు నల్లద్దం పగిలింది, మార్పించమని అతను నెలల తరబడి ఈ బావనే బతిమాలాడు. చివరికి ఆ మంట వెలుగుకి రెండు కళ్ళూ పోయాయి. విచారణలో ఫోర్‌మన్ తొణక్కుండా, "పగులు నేను చూళ్ళేదండీ" అన్నాడు.

"అక్క అన్నం పెట్టుకుని కూర్చుంది. పద," అన్నాడిప్పుడు.

బావమరిది అడుగులు అతని పక్కనుంచి షట్టరు వైపు వెళ్ళాయి. వెనక షట్టరు గరగరమంటూ నేలకి దిగింది. అటు పరిగెత్తబోయిన ఫోర్‌మన్ మోకాలు బల్లకి కొట్టుకుంది. ఆ బల్ల ఎప్పుడూ అక్కడ ఉండదు.

"ఇవాళే జరిపా. మొదట్లో నాకూ ఇలాగే తగిలేవి. అలవాటవుతుందిలే."

వెల్డింగ్ మెషిను గుర్రుమంది. చీకట్లోంచి ఒక చేయి వచ్చి, అతని చేతుల్లో ఆ పాత మాస్కు పెట్టింది.

"రాడ్డు అంటించి మంట లేపుతున్నా. ముందు అద్దం చూసుకో."

ఫోర్‌మన్ వేలు అద్దం మీద జారి, ఒకచోట ఆగింది.

"పగులుందా బావా?"