ఇంటి నెయ్యి

"ఇంట్లో ఉన్న నెయ్యంతా పట్రా. ఒక్క చుక్క కూడా ఉంచకు," అన్నాడు గణేష్‌బాబు ఫోను జేబులో పెట్టుకుంటూ. ఆహార భద్రతా అధికారి భీమవరంలో షాపులు తనిఖీ చేస్తోందని అప్పుడే కబురందింది.

భార్య వెంకటదుర్గ కదల్లేదు. "పిల్లలు అన్నంలోకి ఏం వేసుకుంటారండీ?"

"నాలుగు రోజులు పెరుగు తింటార్లే. ముందు తే."

గణేష్‌బాబు డెయిరీ నెయ్యంటే ఊళ్లో తెలియనివాళ్లు లేరు. సీసా మీద నల్లగా నిగనిగలాడే గేదె బొమ్మ, దాని కింద 'స్వచ్ఛమైన గేదె నెయ్యి' అని బంగారు రంగు అక్షరాలు. లోపలున్నది పామాయిలు, వనస్పతి, వాసన కోసం కాస్త ఎసెన్సు. గేదె ప్రమేయం ఆ బొమ్మ వరకే. ఆ నెయ్యిని అతను ఏనాడూ నాలిక మీద పెట్టుకోలేదు. కొనుక్కుని తినేవాళ్లంటే మహా చులకన. "ముక్కులున్నాయి గానీ వాసన తెలీదు వెధవలకి," అని నవ్వేవాడు.

తన ఇంటికి మాత్రం మొగల్తూరు నుంచి తలుపులమ్మ నెలనెలా నెయ్యి తెచ్చి పోసేది. మునగాకు వేసి కాచిన ఆ నెయ్యి మూత తీసి వాసన చూసి, "నెయ్యంటే ఇదీ," అనేవాడు.

అరగంటలో ఆ నెయ్యి గేదె బొమ్మ సీసాల్లోకి మారింది. నాలుగు సీసాలు షాపులో ముందు వరుసలో కొలువుదీరాయి. మిగతా సరుకు గోడౌనుకి పోయింది.

అధికారి సూర్యకళ వచ్చి సరిగ్గా ఆ నాలుగు సీసాలే తీసుకుంది. సీళ్లు వేసి, సంతకం పెట్టమంది.

"గట్టిగా చెక్ చేయించండి మేడంగారూ," అన్నాడు గణేష్‌బాబు వినయంగా. "కల్తీ చేసేవాళ్లని జైల్లో పెట్టాలండి. వాళ్లవల్ల మాలాంటోళ్ల పేరు పాడవుతోంది."

"రిపోర్టు రానివ్వండి," అందామె.

జీపు మలుపు తిరగ్గానే అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. "అంత చదువూ చదివింది, ముందు వరుస దాటి చెయ్యి పెట్టడం తెలీదు."

ఆ సాయంత్రమే ఫ్లెక్సీకి ఆర్డరిచ్చాడు. 'ప్రభుత్వ పరీక్షలో నెగ్గిన నెయ్యి'.

ఫ్లెక్సీ కట్టిన మూడో రోజున రిపోర్టు వచ్చింది. నెయ్యిలో పామాయిలు, వనస్పతి ఉన్నాయి. పాల కొవ్వు జాడ కూడా లేదు. లైసెన్సు సస్పెండయింది, షాపుకి తాళం పడింది, కేసు నమోదయింది. అది తన షాపు నెయ్యి కాదని గణేష్‌బాబు ఎవరితో చెప్పుకుంటాడు? సీసా తనది, సంతకమూ తనదే.

ఉక్రోషంతో కారు తీసి మొగల్తూరు వెళ్లాడు. తలుపులమ్మ వాకిట్లో మినుములు చెరుగుతోంది.

"పసిపిల్లలు తినే తిండిలో కల్తీ కలుపుతావా?" అని విరుచుకుపడ్డాడు. "నీది మనిషి పుటకేనా అసలు?"

"నేనేం కలపలేదండి, బాబుగారూ," అంది ఆమె తల ఎత్తకుండా. "వెన్న శాతం లేదని మీ పాలసెంటరోళ్లు రోజూ నా పాలు తిప్పి పంపేస్తుంటే మేపలేకపోయానండి. గేదెల్ని అమ్మేసి మూడేళ్లయింది."

గణేష్‌బాబు ఖాళీ గొడ్లపాక వైపు చూశాడు.

"మరి మూడేళ్లుగా మా ఇంట్లో పోసిన నెయ్యి?"

"మీ డెయిరీదేనండి."