బొమ్మలో ఎత్తిన చెయ్యి

ధర్మేంద్ర సముద్రంలో పోయిన రోజు పడవలో అతనితో ఉన్నది శివాజీ ఒక్కడే.

"నేను పడుకుండిపోనానక్కా. లెగిసి సూసేసరికి బావ లేడు," అన్నాడు ఒడ్డుకొచ్చి. ధర్మేంద్ర భార్య అనిత టీచరు. ఆ మాటను సొంత తమ్ముడి మాటలా నమ్మింది. పడవలో తోడున్నవాడు ఒడ్డున నిలబడి పోయినవాణ్ణి పేరు పెట్టి పిలిచాకే కర్మ చేయాలని ఆ ఊరి పద్ధతి. శివాజీ పిలవకుండానే చేపల వేట మానేసి నెల్లిమర్ల వెళ్లిపోయాడు.

ఏడాది గడిచింది. ఒక రాత్రి వాట్సాప్ గ్రూపులో అనిత స్నేహితులంతా పాతకాలపు కార్టూన్ బొమ్మలుగా మారి కనిపించారు.

"ఒసే అనితా, నీ బొమ్మేదే? పంతులమ్మకి ఇది కూడా సిలబస్‌లో ఉండాలేటి?" అని దేవి వేళాకోళమాడింది.

అనిత ఒక పాత ఫొటోను ఆ బొమ్మలు చేసే ఏఐ యాప్‌లో పెట్టింది. అందులో ధర్మేంద్ర చెయ్యి శివాజీ భుజం మీద ఉంది. రెప్ప వేసిన క్షణంలో తీశారేమో, శివాజీ కళ్లు మూసి ఉన్నాయి.

వచ్చిన బొమ్మలో ధర్మేంద్ర చెయ్యి పైకి లేచి ఉంది. శివాజీ కళ్లు తెరిచి ఆ చేతినే చూస్తున్నాడు.

మళ్లీ చేసింది. చెయ్యి ఇంకా పైకి లేచింది, మునిగేవాడి చెయ్యిలా. శివాజీ చూపు మారలేదు.

ఆమె అతనికి ఫోన్ చేసింది. "ఒరే శివాజీ, ఆవేళ నువ్వు నిజంగా పడుకున్నావా?"

సముద్రం లేని నెల్లిమర్ల నుంచి, ఫోన్లో కెరటాల హోరు వినిపించింది.

"నీకూ బొమ్మ అలాగే వచ్చిందేటక్కా?" అన్నాడు శివాజీ.

ధర్మేంద్రను ఒడ్డున పేరు పెట్టి ఇంకా ఎవరూ పిలవలేదు.