ఆర్డరులో లేని మనిషి

"నా వాఙ్మూలం కూడా రాసుకోండి బాబూ."

వకీలు తలెత్తాడు. గుమ్మంలో ఒక మనిషి. ఎప్పుడొచ్చాడో, చెప్పుల చప్పుడైనా వినపడలేదు.

ఆ రోజు కోర్టుకి సెలవు. మేడమీద ఆ ఒక్క గదే తెరిచి ఉంది.

సముద్రం అవతలి దేశంలో ఒక హత్య కేసు నడుస్తోంది. చనిపోయినవాడి భార్య ఉండేది ఇక్కడ. ఆమె సాక్ష్యం తీసి పంపమని ఆ దేశపు కోర్టు అడిగితే, ఇక్కడి జడ్జి ఆ పని ఈ వకీలుకి అప్పగించాడు. అడగాల్సిన ప్రశ్నలు కూడా వాళ్ళే రాసి పంపారు. అందులో లేనిది అడగకూడదు, ఉన్నది వదలకూడదు.

"మీకు సమన్లు వచ్చాయా?"

"రాలేదు."

"ఆర్డరులో ఒక్క సాక్షి పేరే ఉందండీ. పిలవకపోయినా వచ్చి కూర్చోవడానికి ఇదేమన్నా పెళ్ళిభోజనమా?"

టైపిస్టమ్మ కిసుక్కున నవ్వింది.

ఆ మనిషి నవ్వలేదు. కదల్లేదు.

"ఆ కేసులో పట్టుబడ్డ కుర్రాణ్ణి ఉరి తీస్తారా బాబూ?"

"శవం దొరకలేదు కాబట్టి ఇన్నాళ్ళు సాగింది. ఇవాళ భార్య వచ్చి భర్త పోయాడని గట్టిగా చెప్పిందంటే తీస్తారు."

"వాడు చంపలేదు. ఇద్దరిదీ ఒకే గది, ఒకే కంచం. పోట్లాడుకున్నారు, నిజమే. నెత్తురొచ్చేలా కొట్టుకున్నారు, అదీ నిజమే. చంపలేదు."

"మీరు చూశారా?"

"నాకు తెలుసు."

"తెలుసంటే సరిపోదండీ."

"ప్రమాణం చేయించండి, మొత్తం చెప్తాను. నేను అక్కణ్ణుంచి దొంగ కాగితాల మీద వచ్చినవాణ్ణే. ఊరికే నోరు విప్పితే నన్ను లోపలేస్తారు, నా మాట మాత్రం గాలికి పోతుంది. కాగితం మీద పడితే వాడైనా దక్కుతాడు."

వకీలు విసుగ్గా పెన్ను మూత పెట్టాడు. ఇలాంటి పని అతనికి ఇదే మొదలు. తన సంతకంతో పరదేశపు కోర్టుకి వెళ్ళే కాగితంలో వంక ఉండకూడదు. ఆర్డరులో లేని ముక్క ఒక్కటి చేరినా మొత్తం చెత్తబుట్టలోకే.

"మీ పేరు కూడా నేను అడగకూడదు. వెళ్ళండి."

ఆ మనిషి గుమ్మంలోంచి తప్పుకున్నాడు. మెట్లు దిగిన చప్పుడు మాత్రం కాలేదు.

"ఒళ్ళు జలదరించింది సార్," అంది టైపిస్టమ్మ. "రెప్ప వేయకుండా అలా చూస్తారా ఎవరైనా?"

తర్వాత సాక్షి వచ్చింది. ప్రమాణం చేసింది. తడుముకోకుండా జవాబులు చెప్పింది.

"మీ భర్త బతికే ఉండొచ్చని ఎప్పుడైనా అనిపించిందా?"

"బతికుంటే ఒక్కసారైనా ఫోన్ చేయడాండీ? పాప గొంతు వినందే పూట గడిచేది కాదు ఆయనకి."

తలుపు అవతల ఎవరో దగ్గారు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, చిన్నగా.

ఆమె ముఖం పాలిపోయింది. "బయట ఎవరండీ?"

టైపిస్టమ్మ వెళ్ళి చూసొచ్చింది. "ఎవరూ లేరమ్మా. వరండా ఖాళీగా ఉంది."

"ఏం లేదులెండి. నాకిలా వినపడుతూనే ఉంటుంది."

వకీలు ఆ మాట రాయించలేదు. అది ఏ ప్రశ్నకూ జవాబు కాదు.

చివరి ప్రశ్నకి ఒక సీలు కవరు జత చేసి పంపారు. సాక్షి ఎదుటే తెరవాలని షరతు. వకీలు లక్క పగలగొట్టి, లోపలున్న ఫొటో బయటికి తీశాడు.

తీసినవాడు తీసినట్టే ఉండిపోయాడు.

మరుక్షణం కుర్చీ వెనక్కి తన్నేసి పరుగెత్తాడు. వరండా చూశాడు. మెట్ల కింద చూశాడు. గేటు దాటి వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ తప్ప పిట్ట కూడా లేదు.

"ఎవరి కోసం సార్?" టైపిస్టమ్మ మెట్ల దగ్గరికొచ్చి అడిగింది.

వకీలు ఆమెని దాటుకుని మెట్లెక్కాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు. రాసి ఉన్న ప్రశ్నని రాసి ఉన్నట్టే చదివాడు.

"ఈ ఫొటోలో ఉన్నది ఎవరు?"

దుమ్మేమీ లేకపోయినా ఆమె ఆ ఫొటోని అరచేత్తో ఒకసారి తుడిచి, "చచ్చిపోయిన మా ఆయనేనండీ," అంది.