మల్లెలగూడెం అడ్డరోడ్డు

డ్రైవర్ ఒక్కసారిగా బ్రేకు వేశాడు.

వెనక సీట్లో కాగితాలు చూసుకుంటున్న ఎంపీ రాజ్యశ్రీ ముందుకు తూలింది. ఒళ్లో ఫైలు కింద పడింది.

హైవే మధ్యలో ఒక ముసలామె రెండు చేతులూ చాచి నిలబడి ఉంది. ఆమె వెనక నుంచి బడి పిల్లలు బిలబిలమంటూ రోడ్డు దాటుతున్నారు.

గన్‌మన్ దిగాడు.

“ఏయ్, పక్కకి జరుగు! ఎంపీ గారి బండి!”

“ఎవరిదైతే నాకేంటయ్యా? పిల్లలు దాటుతున్నారు, కనపట్టంలా?”

“మేడమ్ ఫ్లైటుకి వెళ్లాలి.”

“ఇంకా పదిమంది ఉన్నారు. ఆగు.”

రాజ్యశ్రీ వాచీ చూసుకుంది. జగ్గయ్యపేటలో మీటింగు ముగిసేసరికే ఆలస్యమైంది. ఇంకా నందిగామ కూడా రాలేదు. గన్నవరం ఎయిర్‌పోర్టుకి ఎప్పటికి చేరాలి?

“ఎవరావిడ సతీష్?”

ముందు సీట్లోంచి పీఏ సతీష్‌బాబు వెనక్కి తిరిగాడు.

“వలీబీ అంటారండి. మతి సరిగా లేదంటారు. పొద్దునా సాయంత్రం ఇక్కడే ఉంటది. లారీవాళ్లు బూతులు తిడతారు. అయినా కదలదు.”

ఆఖరి పిల్ల దాటింది. వలీబీ చేతులు దించింది. కారు వంక చూడలేదు, దణ్ణం పెట్టలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ రోడ్డు పక్కకి వెళ్లిపోయింది.

కారు కదిలింది.

“బడీ అంగన్‌వాడీ రెండూ రోడ్డుకి అవతలేనా?”

“అవునండి. ఊరేమో ఇవతల.”

“ఇక్కడ అండర్‌పాస్ కావాలి. సభలో ప్రశ్న వేద్దాం. రాసుకోండి.”

సతీష్‌బాబు రాసుకున్నాడు. తర్వాత ఎస్సైకి ఫోన్ చేశాడు.

“మేడమ్ కారుకి అడ్డం వచ్చిందండి. రేపు మంత్రులెవరన్నా వస్తే పరువు పోద్ది. ఆవిణ్ణి రోడ్డెక్కకుండా చూడండి.”

రాజ్యశ్రీ విన్నది. వద్దని చెప్పబోయింది. అంతలో ఆమె ఫోన్ మోగింది.

మూడు వారాలకి లోక్‌సభలో ఆ ప్రశ్న వచ్చింది.

ఆ పొద్దున ఆమె టిఫిన్ ముట్టలేదు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ ప్రతి వాక్యం పదిసార్లు అనుకుంది. సభలో ఆమె పేరు పిలవగానే లేచి నిలబడింది.

“అధ్యక్షా! మా మల్లెలగూడెంలో నూట ఎనభై మంది పిల్లలు రోజూ రెండుసార్లు హైవే దాటుతున్నారు. వాళ్లలో మూడేళ్ల అంగన్‌వాడీ పిల్లలు కూడా ఉన్నారు. సిమెంటు లారీల మధ్య నుంచి దాటుతున్నారు. వాళ్లకి దారి చూపించండి.”

మంత్రి లేచాడు.

“గౌరవ సభ్యురాలి ఆవేదన అర్థమైంది. కానీ గడిచిన ఐదేళ్లలో అక్కడ ఒక్క ప్రమాదం కూడా నమోదు కాలేదు. ప్రమాదాలు ఎక్కువున్న చోట్లకే ముందుగా మంజూరు చేస్తాం.”

పక్క బెంచీల్లో ఎవరో నవ్వారు.

బయటికి రాగానే రాజ్యశ్రీ సతీష్‌బాబు మీద విరుచుకుపడింది.

“ఆ మాట అబద్ధం! కేసులు దాచిపెట్టి ఉంటారు.”

“కనుక్కున్నానండి. రికార్డు కరెక్టేనంట.”

“అన్ని లారీలు తిరిగే రోడ్డు మీద ఒక్క పిల్లకీ దెబ్బ తగల్లేదంటే ఎలా నమ్మమంటారు?”

సతీష్‌బాబు కారు పిలిపించాడు.

రెండు రోజులు ఆమెకి ఏ పనీ తోచలేదు. చదువుతున్న కాగితాన్నే మళ్లీ మళ్లీ చదివింది. శనివారం గన్నవరంలో దిగి, ఇంటికి వెళ్లకుండా నేరుగా మల్లెలగూడెం బయల్దేరింది.

అడ్డరోడ్డు దగ్గర తల్లులు పిల్లల రెక్కలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్క లారీ ఆగడం లేదు. ఎండలో అలాగే చూస్తున్నారు.

హెడ్మాస్టర్ వెంకటరత్నం చేతుల సుద్ద దులుపుకుంటూ బడి గేటు దగ్గరికి పరుగున వచ్చాడు.

“మాస్టారూ, నిజం చెప్పండి. ఇక్కడ ఐదేళ్లుగా ప్రమాదాలు జరగలేదా?”

“లేదండి. మొన్నటిదాకా ఒక్కటీ జరగలా.”

“ఎలా?”

“వలీబీ ఉండేదండి.”



“ఉండేదంటే?”

“రోడ్డెక్కితే కేసు పెడతామన్నారండి పోలీసులు. అప్పట్నుంచి పక్కనే నిలబడి లారీలకి చెయ్యి ఊపేది. పక్కనుంటే ఎవడాగుతాడండి? నిన్న పొద్దున ఒకటో తరగతి పాప వాళ్లమ్మ చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది. వలీబీ వెనకే దూకింది. పాపని అవతలకి నెట్టేసింది. తను మాత్రం తప్పుకోలేక అక్కడికక్కడే పోయిందండి.”

సతీష్‌బాబు తల దించుకున్నాడు.

“పోలీసులకి ఫోన్ నా కారులోంచే వెళ్లింది మాస్టారూ. నేను ఆపలేదు,” అంది రాజ్యశ్రీ.

వెంకటరత్నం రోడ్డు వైపు చూశాడు.

ఆమే మళ్లీ అడిగింది.

“అంత పట్టుగా ఎందుకు నిలబడేది? ఆవిడ బిడ్డ ఎవరైనా ఇక్కడ పోయారా?”

“అందరూ అట్లాగే అనుకుంటారండి,” అన్నాడాయన. “ఆరేళ్ల కిందట ఇక్కడ లారీ కింద పడి పోయింది వేరే వాళ్ల బిడ్డ, మా బడి పాప. ఆ లారీ నడిపింది వలీబీ కొడుకండి.”