ఎలుగు దారిలో గొయ్యి

గోవిందరావే లేకపోతే తను ఈ గోతిలో పడి ఉండేవాడు కాదని బంగారయ్యకి నూటికి నూరుపాళ్లూ నమ్మకం. అతను కొత్తగా పాతించిన హద్దురాయి చూద్దామనే కదా గట్టు దిగి నాలుగడుగులు పక్కకి వేశాడు! కాలికింద కొబ్బరాకు విరిగిందంతే.

నిలువులోతు గొయ్యి. పైన పరిచిన ఆకులూ అలములూ తనతోపాటే కిందికొచ్చాయి. కుడి మడమ బెణికి బంతిలా పొంగింది. తలెత్తితే జీడికొమ్మల మధ్య చాపంత ఆకాశం.

తోటకీ కొండకీ మధ్యనున్న ఈ నేలచెక్క తనదని బంగారయ్య, కాదు తనదని పక్కతోట గోవిందరావు, టెక్కలి కోర్టుకెక్కి తొమ్మిదేళ్లయింది. ఒక్కపూట కన్ను వాలిస్తే గోవిందరావు కంచె వేసేస్తాడని భయం. అందుకే తెల్లారేసరికి వచ్చి గట్టుమీద కాపలా కూర్చుంటాడు. పోయిన నెల పిల్లల్తో ఉన్న ఎలుగు ఇక్కడే మీదపడి భుజం చీరేసింది. "నేల పోతే పోనీ మావా, ఎల్లొద్దు" అని దమయంతి కాళ్లు పట్టుకుంది. పెళ్లాం మాట విని ఉంటే అతను బంగారయ్య ఎందుకవుతాడు?

ఆపైన గోవిందరావు ఇంకో మెలిక పెట్టాడు. ఊరికి సర్పంచి, పంచాయతీ జీవవైవిధ్య కమిటీకి అధ్యక్షుడూ అతనే. ఎలుగులు కొండ దిగి జీడిపళ్లకొచ్చే దారంతా వాటికే వదిలెయ్యాలని గ్రామసభలో తీర్మానం చేయించాడు. ఆ దారిలో కరెంటు తీగ పెట్టకూడదు, ఉచ్చు వెయ్యకూడదు, గొయ్యి తియ్యకూడదు. ఎవరి నేలలో దొరికితే వాళ్లదే పూచీ.

చాలాసేపు కేకలేశాక పైన అడుగుల చప్పుడైంది.

"ఏటి బావా, ఎలుగుతో కాపరం పెట్టినావేటి?"

గోవిందరావే. పక్కన ఫారెస్టు వాచరు ఢిల్లీరావు. వెనక ఊళ్లోవాళ్లు పదిమంది. అందరికన్నా వెనక దమయంతి, కొంగు నోట్లో కుక్కుకుని.

"నవ్వు బావా, నవ్వు. తవ్విందీ నువ్వే, నవ్వేదీ నువ్వే" అన్నాడు బంగారయ్య.

"నానా? కమిటీ పెసిడెంటుని నాను! ఎలుగంటే నీకే కదా పగ? నువ్వు తీసిన గోతిలో నువ్వే పడ్డావేమో!"

జనం గొల్లుమన్నారు. ఢిల్లీరావు మాత్రం నవ్వలేదు. నడుముకి తాడు కట్టుకుంటున్నాడు.

"దిగి సూత్తాను. తవ్వినోడు ఏదోటి మర్సిపోయి ఒగ్గీసి ఉంటాడు."

"దిగినావంటే నీ కాలు కూడా ఇరుగుద్ది!" బంగారయ్య గోతిలోంచి గావుకేక పెట్టాడు. "తాడు ఇలాగ పడీ. నానే వత్తాను. ఎవులూ నన్ను ఎత్తుకుని మొయ్యక్కర్లేదు."

"గోతిలో పడినా పౌరుషం పోనేదు సూడు" అన్నారెవరో.

ఢిల్లీరావు గట్టుమీదే గొంతుక్కూర్చున్నాడు. "అయితే ఇది సెప్పండి. ఈ నేల ఎవులిది? నేలగలోడు ఒప్పుకుంటే కమిటీ జరిమానాతో పోద్ది. ఎవులిదో తేలకపోతే ఆఫీసరుగోరు వత్తారు. ఇల్లిల్లూ ఎతుకుతారు. తవ్వినోడికి జైలే."

తొమ్మిదేళ్లుగా నాదంటే నాదని కొట్టుకున్న ఇద్దరూ ఇప్పుడు ఒకరి నోటికేసి ఒకరు చూశారు. నాదంటే గొయ్యి మెడకి చుట్టుకుంటుంది. కాదంటే కేసు గంగలో కలుస్తుంది.

బంగారయ్య మట్టిగోడకి చేరబడ్డాడు. బాగున్న కాలితో కిందనున్న ఆకుల్నీ మట్టినీ గోడవారకి తోసుకుంటూ ఉండిపోయాడు. బోనులో పడ్డ జంతువు కూడా ఇలాగే కాళ్లు ఆడిస్తుందేమో.

"నీదే కదేటి బావా?" గోవిందరావు వెన్న రాసినట్టు అడిగాడు. "జడ్జీగోరి ముందు పెమానం సేసి మరీ సెప్పినావు కదా."

బంగారయ్య పైకి చూశాడు. ఒక్కో ముఖమే చూసుకుంటూ వచ్చి, చివరికి గోవిందరావు దగ్గర ఆగాడు.

"నాది కాదు."

"ఏటీ?"

"నాది కాదు, నీదే. అందరూ ఇన్నారు కదా? పోన్లో రికాడు సేసుకోండి. నేలా ఈయనదే, గొయ్యీ ఈయనదే. ఎలుగుల్ని కాపాడే పెసిడెంటు ఎలుగుకే గొయ్యి తీసినాడని రాసుకో ఢిల్లీరావూ!"

ఊరంతా గోవిందరావు వైపు తిరిగింది. అతని ముఖం కందగడ్డయింది. కానీ తొమ్మిదేళ్లుగా నోరూరిస్తున్న నేల కళ్లెదుట ఊరికే వచ్చి పడుతోంది.

"సరే, నాదే" అన్నాడు. "ఎవుడు తవ్వినాడో గానీ నేల నాది. సూసుకోకపోడం నా తప్పు. జరిమానా నానే కడతాను."

"అయితే ఇప్పుడే పూడిపించు" అన్నాడు బంగారయ్య తాడు పట్టుకుంటూ. "నాను పైకి రాగానే, నా కళ్లముందర."

ఢిల్లీరావు పైనుంచే ఫొటో తీసుకున్నాడు. బంగారయ్యని లాగి గట్టున కూర్చోబెట్టారు. గొయ్యి నిండి నేల సమంగా అయ్యేదాకా అతను అక్కణ్నుంచి కదల్లేదు. ఓడిపోయినవాడికి పంతం ఎక్కువని జనం చెవులు కొరుక్కున్నారు.

దమయంతి భుజం ఆసరా చేసుకుని కుంటుకుంటూ ఇంటిదారి పట్టాడు. తాత నాటిన జీడిచెట్లతో సహా ఇరవయ్యేడు సెంట్లు, ఒక్క మాటతో పోయాయి.

"ఎందుకలాగ సెప్పీసినావు మావా?" అంది దమయంతి. "ఆడిమీద కోపానికి నేలనే ఒగ్గీసుకుంటావేటి?"

బంగారయ్య ఆగాడు. వెనక ఎవరూ రావడం లేదని చూసుకున్నాడు.

"ఒలే, ఈపాలి గొయ్యి తవ్వితే మన పార అందులో ఒగ్గీయకే."