చంకలో బొండం

ఏప్రిల్ పదమూడు, ఆదివారం. సాయంత్రం మాణిక్యాలరావు దిబ్బరొట్టె పానకంలో ముంచుకుని తింటుంటే, కొత్తపేట రన్నింగు దండు వీధిలోకి దిగింది. ఒక్కొక్కరి చంకలో ఒక్కో ఖాళీ కొబ్బరి బొండం.

"నీళ్లు తాగేసి, చెత్త మోసుకుంటూ పరిగెట్టేవాళ్లని మిమ్మల్నే చూశానమ్మా," అన్నాడు ముందొచ్చిన వాణితో. "పార్కు సేవట! ఫోటో కోసమేగా?"

"ఫోటో కూడానండి," నవ్వింది వాణి. "బాబాయి గారూ, మీ పెరటి గేటు తీస్తే పార్కుకి దగ్గర దారండి. ఇదివరకు తీసే ఉండేది."

"ఇదివరకు మీ పిన్నిగారుండేది. రేపు అక్కడ గోడ కట్టించేస్తున్నా. మీరు చుట్టూ తిరిగి పరిగెట్టండి, ఒళ్లు తగ్గుతుంది."

"ఆయ్. ఒక్కసారి వచ్చి చూసి, కట్టించుకోండి."

వీళ్ల వేషం చూద్దామనే పెరటి గేటు తాళం తీసి వెంట వెళ్లాడు. పార్కులో అందరూ బొండాలు చీల్చి, మొక్కల మొదళ్లలో పేర్చి, మట్టి కప్పుతున్నారు.

"ఈ తెలివి ఎవరు చెప్పేరు?"

"పిన్నిగారేనండి. బొండం పీచు పెడితే ఎండల్లోనూ మొక్కకి తడి ఆరదు, ఉత్తి చేతుల్తో పరుగేంటర్రా అనేవారు. మేం పరిగెడితే, ఆవిడ ఓ బొండం పట్టుకుని వెనకాల నడిచొచ్చేవారు."

ఉన్నన్నాళ్లూ భార్య సుబ్బాయమ్మ రోజూ నడకకని వెళ్లి, చేతులకి మట్టితో తిరిగొచ్చేది. ఎక్కడిదా మట్టి అని అతను ఏనాడూ అడగలేదు.

చీకటిపడ్డాక మేస్త్రీకి ఫోన్ చేసి, రావద్దన్నాడు.

"ఫోటోల పిచ్చి సన్నాసులు!" అని గొణుక్కుంటూ పెరటి గేటు తీసే ఉంచి, దాని తాళం తెచ్చి గూట్లో పడేశాడు. వీధి తలుపు మాత్రం మెల్లగా వేసుకున్నాడు.