తిరగనన్న గొట్టం

"ట్యాంకు నిండిపోనాది బావూ! గొట్టం బయటికి తిరగట్లేదు!"

కోత మిషను మీద నుంచి డ్రైవరు గిరిబాబు అరిచేసరికి, గట్టు మీదున్న రైతు జగన్నాధం పరుగున వచ్చాడు. చేను సగం ఇంకా కొయ్యాల్సే ఉంది. తూర్పున తుపాను మబ్బు కాటుకలా కమ్ముకొస్తోంది. పండిన వరి ఒక్కసారి నీళ్లలో పడుకుందంటే ఇక మొలకలే. ధాన్యం పోయించుకోవడానికి ట్రాక్టరు పక్కనే సిద్ధంగా ఉంది. ట్యాంకులోని ధాన్యాన్ని అందులోకి పోయాల్సిన గొట్టమే మిషను ఒంటికి అతుక్కుపోయి కదలనంటోంది.

"గట్టిగా తిప్పరా!"

"తిప్పితే ఇరిగిపోతాది బావూ. గొట్టం తిరిగేకాడ చుట్టూ ఉన్న ఇనప పట్టీ వంగిపోనాది. ఇప్పాలంటే ముందుగాల ట్యాంకు కాళీ సెయ్యాల."

"చేతుల్తోనా? ఎవరు చేస్తారు? బొబ్బిలి నుంచి మేస్త్రీ వచ్చేలోపల వానే వచ్చేస్తుంది. నీ డొక్కు మిషన్ను నమ్ముకున్నాను చూడు, నాదీ బుద్ధి తక్కువ!"

గిరిబాబు ఎవరికో ఫోను చేశాడు. కాసేపటికి పక్కూరి వైపు నుంచి గంపలు పట్టుకుని ఆడవాళ్లు బిలబిలా దిగారు. అందరికంటే ముందు అసిరమ్మ. ఆమెను చూడగానే జగన్నాధం ముఖం ముడుచుకున్నాడు. వాళ్ల ఊళ్లోకి మొదటి కోత మిషను వచ్చిననాడు, 'మా కూలి తినేస్తాది' అంటూ దాని ముందు అడ్డంగా పడుకున్న మనిషి ఆమె.

"మిషను ఆగిపోయిందని చూసి నవ్వడానికొచ్చావా?"

"నవ్వడానికి తీరికేటి బావూ? ఆ మబ్బు సూడు." కోక ఎగదోపి చకచకా మిషను ఎక్కేసింది అసిరమ్మ. "ఒసే గురమ్మా, ట్యాంకు కింద తలుపు తియ్యే! గంపలు పట్టండి. గింజ నేల పడిందో, ఊరుకోను!"

ధాన్యం జలజలా గంపల్లోకి దూకింది. గంపలు చేతులు మారుతూ ట్రాక్టరులోకి పోయాయి. చూస్తూ నిలబడలేక జగన్నాధం కూడా చొక్కా విప్పి ఓ గంప అందుకున్నాడు.

"నడుం ఒంచాల బావూ! ధాన్యానికి సిగ్గేటి?" అంది గురమ్మ. అందరూ గొల్లుమన్నారు.

ట్యాంకు ఖాళీ అయింది. గొట్టం కింద వెదురు బొంగులు పెట్టి ఆడవాళ్లంతా ఒక్క ఊపున ఎత్తిపట్టారు. గిరిబాబు బోల్టులు విప్పి, వంగిన పట్టీని లాగి, రాయి మీద పెట్టి సుత్తితో సరిచేశాడు. అసిరమ్మ కొడవలి మొనతో తుప్పూ ఊకా గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, వేళ్లతో గ్రీజు పట్టించింది.

"రోజూ గ్రీజు పెట్టమని సెప్పినానా నేదా?" అని కసిరింది. గిరిబాబు తల వంచుకున్నాడు. కూలి మనిషి కసరడమేమిటో, డ్రైవరు పడటమేమిటో జగన్నాధానికి అంతుపట్టలేదు.

పట్టీ బిగించి ఇంజను వేశారు. గొట్టం ఒకసారి మూలిగింది. తర్వాత ఏనుగు తొండం చాపినట్టు నిదానంగా, నిండుగా బయటికి తిరిగింది. ఆడవాళ్ల కేకలకు చేలో కొంగలు లేచిపోయాయి.

మిగిలిన చేనంతా కోయడం పూర్తయి, చివరి ట్రాక్టరు మీద టార్పాలిన్ కప్పుతుండగా తొలి చినుకులు పడ్డాయి. జగన్నాధం మిషను మీద చెయ్యి వేసి నిమిరాడు.

"డొక్కని నోరు జారానురా గిరీ. ఇది బంగారం! మీ ఓనరెవరో నాకు తెలీదు గానీ, ఓసారి కలుపు. దండం పెట్టి ఒక్క మాట చెప్పాలి."

గిరిబాబు నవ్వి, ఫోను తియ్యకుండా పక్కకు తప్పుకున్నాడు.

వెనకనున్న అసిరమ్మ గంప దించి, కొంగు దులుపుకుని, తలెత్తి నిలబడింది.

"సెప్పు బావూ, ఏటా మాట? సంగం పెట్టుకుని ఈ మిషను కొన్న ఓనర్లందరం ఈడే ఉన్నాం!"